నోరు పెగలనప్పుడు మణికట్టు చెప్పాలి

తిరువళ్ళూరులో రైలెక్కిన మా చిన్నాయన చొక్కా మణవూరు వచ్చేసరికి తడిసి ముద్దయింది. ఎండాకాలం కాదు. కిటికీ పక్క సీటు, గాలి బాగానే తగులుతోంది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఎక్కడ దిగాలని తమిళంలో అడిగితే ఏదో గొణిగాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. తల పక్కకు వాలిపోయింది. ఒళ్ళోని పసుపుపచ్చ గుడ్డసంచి జారి కిందపడింది.

"తణ్ణి పోట్టిరుక్కాన్, విడుంగ" అన్నారెవరో. తమిళంలో తణ్ణి అంటే నీళ్ళే. కానీ అలాంటి చోట ఆ మాటకు అర్థం వేరు. తాగున్నాడు, వదిలెయ్యండి అని. పక్కనున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. ఒకాయన లేచి వేరే సీటుకు పోయాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషి, పళ్ళిపట్టులో మగ్గం మీద పెరిగి నలుగురి ముందు గొంతు పెంచి మాట్లాడని మనిషి, పట్టపగలు రైల్లో తాగుబోతై కూర్చున్నాడు.

జామకాయలు అమ్ముకునే ఒకామె కిందపడ్డ సంచి తీసి పక్కన పెట్టబోయింది. సంచిలోంచి ఇన్సులిన్ పెన్ను బయటికి దొర్లింది. "ఈయన తాగలా. ఈయనకి షుగరు. మా అమ్మకీ ఇదే పెన్ను" అని తెలుగులో అరిచింది. అదే సంచిలో కాగితం పొట్లంలో బెల్లం కనబడింది. చిన్నాయనను లేపి కూర్చోబెట్టి, "అన్నా, మింగుతావా? మింగగలవా?" అని రెండుసార్లు అడిగి, తల ఊపాడని చూసుకుని, నీళ్ళలో చిదిమిన బెల్లం కొంచెం కొంచెంగా తాగించింది. అరక్కోణం చేరేలోపు చిన్నాయన తన పేరు తాను చెప్పగలిగాడు.

ఆ బెల్లం ఎక్కడిదో తిరువళ్ళూరు వెళ్ళొచ్చినవారికి చెప్పనక్కర్లేదు. అక్కడి వీరరాఘవస్వామిని వైద్య వీరరాఘవుడంటారు. అమావాస్య నాడు కోనేటిలో బెల్లం వేస్తే, బెల్లం కరిగినట్టే ఒంట్లో రోగం కరిగిపోతుందని నమ్మకం. ఆ కోనేటి పేరే హృత్తాపనాశిని. చిన్నాయన తన షుగర్ తగ్గాలని మొక్కుకుని వెళ్ళాడు. పొద్దున్నే ఇన్సులిన్ పొడుచుకున్నాడు. దర్శనం అయ్యేదాకా పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు. క్యూలో నిలబడ్డాడు, కోనేట్లో బెల్లం వేశాడు, మిగిలింది సంచిలో వేసుకుని మధ్యాహ్నం రైలెక్కాడు.

పెన్ను సంచిలోంచి దొర్లింది కాబట్టి సరిపోయింది. దొర్లకపోతే?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. పదకొండేళ్ళుగా షుగర్ ఉన్న మనిషి ఒంటి మీద ఆ సంగతి చెప్పే ఆనవాలు ఒక్కటీ లేదు. జేబులో చీటీ లేదు. చేతికి కంకణం లేదు. ఫోన్‌కి తాళం, తెరవాలంటే ఆయన వేలే పెట్టాలి. చెప్పాల్సిన నోరేమో సరిగ్గా ఆ పది నిమిషాలే పనిచేయలేదు.

అసలు ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతుందో తెలుసుకోండి. మెదడు నడిచేది ప్రధానంగా గ్లూకోజ్ మీదే. ఇన్సులిన్ వేసుకుని తిండి తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. 70 కంటే తగ్గితే ఒళ్ళు హెచ్చరిస్తుంది: చెమట, వణుకు, గుండెదడ, తెగని ఆకలి. 54 కంటే దిగితే మెదడే తడబడుతుంది. మాట తొట్రుపడుతుంది, నడక తూలుతుంది, కొందరికి కోపం వస్తుంది, కొందరు చెప్పింది వినరు. చూసేవాళ్ళకు అచ్చం తాగినవాడిలాగే కనబడుతుంది. ఇంకా దిగితే ఫిట్స్, స్పృహ తప్పడం, ప్రాణానికే ముప్పు. ఇన్సులిన్ వాడేవాళ్ళకే కాదు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకూ ఇది జరుగుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు చాలా అరుదు. ఏళ్ళతరబడి షుగర్ ఉన్నవాళ్ళలో కొందరికి చెమట, వణుకు లాంటి ముందస్తు గుర్తులు కూడా మాయమవుతాయి. హెచ్చరిక లేకుండానే కూలబడిపోతారు. వీళ్ళ విషయంలోనే నాకు ఎక్కువ భయం.

ఇది చిన్నాయన ఒక్కడి సంగతి కాదు. మా వైపు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు 365 మెట్లు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఆడికృత్తిక పండుగకు చిత్తూరు, తిరుపతి వైపు నుంచి మనవాళ్ళు కావళ్ళు భుజాన వేసుకుని గుంపులు గుంపులుగా వస్తారు. చాలామంది ఉపవాసం. వాళ్ళలో పొద్దున షుగర్ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో మెట్లెక్కుతున్నవాళ్ళు ఎంతమందో ఆ స్వామికే తెలియాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని లెక్క కట్టింది. కొండ మెట్ల మీద మీ ముందు పదిమంది ఎక్కుతుంటే అందులో ఒకరికి షుగర్ ఉండొచ్చు. మాత్ర వేసుకున్నవాళ్ళు ఉపవాసం ఉండాలనుకుంటే మోతాదు సంగతి ముందే డాక్టరును అడగండి. భక్తికి అది అడ్డం కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

చిన్నాయన కోలుకున్నాక ఒక సాయంత్రం నెమ్మదిగా అడిగాను. "జేబులో ఒక చీటీ పెట్టుకుంటే ఏం పోయేది చిన్నాయనా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఇంట్లో పెళ్ళికి ఎదిగిన ఆడపిల్ల ఉండాది. నాయనకు షుగరంటే బిడ్డకూ వస్తాదంటారు. ఎవురు చేసుకుంటారు?"

జబ్బును మందులతో లొంగదీయొచ్చు. దాచుకోవడం అనే జబ్బుకు మాత్రం మందుల షాపులో ఏమీ దొరకదు. మనవాళ్ళు షుగర్‌ను నామోషీగా చూస్తారు. పెళ్ళి భోజనంలో జాంగ్రీ వద్దని చెప్పలేక తినేస్తారు. ఆఫీసులో మీటింగు మధ్యలో బిస్కెట్ తినడానికి మొహమాటపడి వణుకుతూ కూర్చుంటారు. ఇన్సులిన్ బాత్రూంలో దాక్కుని వేసుకుంటారు. ఇదంతా బలహీనులు చేసే పని అనను. మంచి ఉద్యోగాలు చేసేవాళ్ళు, పదిమందికి సలహాలు చెప్పేవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. తన గురించి ఒక చిన్న నిజాన్ని మామూలు గొంతుతో చెప్పగలగడం వ్యక్తిత్వానికి పెద్ద పరీక్ష. ఆ పరీక్షలో చిన్నాయన పదకొండేళ్ళు తప్పుతూ వచ్చాడు. రైల్లో దాని ఖరీదు కట్టబోయాడు.

పైగా దాచామనుకోవడం మన భ్రమ. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువం' పథకం ప్రారంభించింది. ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని దానర్థం. కృష్ణగిరి జిల్లా సామనపల్లి అనే పల్లెలో మొదలైంది. బీపీ, షుగర్ మందులు వాలంటీరు ఆడవాళ్ళు గడప దగ్గరికే తెచ్చి ఇస్తారు. వీధి అరుగు మీద కూర్చుని మాత్రలు లెక్కపెట్టి ఇస్తుంటే వీధిలో ఎవరికి తెలియదు? తెలిసినవాళ్ళు పట్టించుకోలేదు. ఆకాశం విరిగిపడలేదు. రైల్లో పక్కన కూర్చునే అపరిచితుడికి మాత్రం తెలియదు. తెలియాల్సింది ఆయనకే.

ఇక్కడ మా అవ్వ గుర్తొస్తుంది. అవ్వ భర్త పేరు నోటితో పలికేది కాదు. అది ఆ కాలపు మర్యాద. ఓటరు జాబితా రాసుకోవడానికి వచ్చిన అయ్యవారు "మీ ఇంటాయన పేరేంది అవ్వా?" అంటే, ఎడమ ముంజేయి చాపేది. మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన ఆకుపచ్చగా తాత పేరు. అక్షరాలు కొంచెం అలుక్కుపోయినా చదవడానికి వచ్చేవి. అయ్యవారు వంగి చదువుకుని రాసుకునేవాడు. చిన్నప్పుడు ఎరుకలామె ఊళ్ళోకి వచ్చి, కట్టకట్టిన సూదులతో, మసీ ఆకుపసరూ కలిపి పొడిచిందట. నొప్పి తెలియకుండా పాట పాడిందట. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో కూడా కొరవ (ఎరుకల) స్త్రీల పచ్చబొట్టు పని గురించి రాసి ఉంది.

నోటితో చెప్పలేనిది చేతితో చెప్పించడం మనకు కొత్త కాదు. మా అవ్వకు మర్యాద అడ్డొచ్చింది. చిన్నాయనకు చక్కెర అడ్డొచ్చింది. ఇద్దరికీ ఉపాయం ఒకటే.

ఈ ఉపాయానికి అమెరికాలో 1950లలో ఒక రూపం వచ్చింది. కాలిఫోర్నియాలోని టర్లాక్ అనే ఊళ్ళో మారియన్ కాలిన్స్ అని ఒక డాక్టరు. 1953లో ఆయన కూతురు లిండాకు గాయమైతే ధనుర్వాతం మందు పరీక్ష మోతాదు ఇచ్చారు. అది పడక ప్రాణం మీదికి వచ్చింది. మళ్ళీ ఎప్పుడైనా తల్లిదండ్రులు పక్కన లేనప్పుడు ఇలా జరిగితే ఎవరు చెబుతారు? ఆ ఆలోచనతో కూతురి చేతికి, ఆమెకు పడని మందులు చెక్కిన కంకణం చేయించాడు. 1956లో ఆ కుటుంబమే మెడిక్ అలర్ట్ సంస్థను స్థాపించింది. ఈ రోజు ప్రపంచమంతా కనబడే వైద్య హెచ్చరిక కంకణాలకు అది నాంది. కూతురి నోరు పనిచేయని క్షణం కోసం తండ్రి ముందే మాట సిద్ధం చేసిపెట్టాడు.

కంకణం మంచిదే. కానీ కంకణం తెగిపోతుంది. స్నానానికి తీసి గూట్లో పెడతాం, మరిచిపోతాం. మగ్గం మీద పనిచేసేవాళ్ళకు పోగులకు తగులుకుంటుంది. అందుకే కొన్నేళ్ళుగా చాలా దేశాల్లో డయాబెటిస్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే బతికే టైప్ 1 వాళ్ళు, మణికట్టు మీద హెచ్చరికను పచ్చబొట్టుగా వేయించుకుంటున్నారు. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన డయాబెటిస్ వైద్యుడు సలే అల్దసూకీ తన పేషెంట్ల చేతుల మీద ఇవి చూసి, దీనికి వైద్యలోకం ఒక పద్ధతి ఏర్పరచాలని రాశారు.

మరి అందరూ రేపే వెళ్ళి పొడిపించుకోవాలా? వద్దు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. టైప్ 1 ఉన్నవాళ్ళు, ఏళ్ళుగా ఇన్సులిన్ మీద ఉండి ఇక మానే అవకాశం లేనివాళ్ళు, ముందస్తు గుర్తులు తెలియకుండా షుగర్ పడిపోయేవాళ్ళు, ఒంటరిగా ప్రయాణాలు చేసేవాళ్ళు ఆలోచించవచ్చు. నిరుడే షుగర్ తేలి, తిండి, నడకతో అదుపులోకి తెచ్చుకుంటున్నవాళ్ళకు చీటీ చాలు. గర్భిణిగా ఉన్నప్పుడు వచ్చిన షుగర్ చాలామందికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది. దానికి పచ్చబొట్టు అసలే వద్దు. పద్దెనిమిది దాటని పిల్లలకూ వద్దు. వాళ్ళకు కంకణం కట్టండి, పెద్దయ్యాక వాళ్ళే నిర్ణయించుకుంటారు.

ఎందుకింత జాగ్రత్త? ఒళ్ళు మారినా పచ్చబొట్టు మారదు. 2017లో ఫ్లోరిడాలో ఒక వృద్ధుడిని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. ఛాతీ మీద, తనను బతికించే ప్రయత్నం చేయవద్దని పచ్చబొట్టు, కింద సంతకం. అది నిజంగా ఆయన కోరికేనా, ఎప్పటిదో అని డాక్టర్లు తలపట్టుకున్నారు. తర్వాత ఆయన రాసిచ్చిన అసలు పత్రం దొరికాకే తేలింది. షుగర్ పచ్చబొట్టు అంత చిక్కు తేదు గానీ పాఠం ఒకటే. చర్మం మీద రాసింది చదివేవాడికి సూచన మాత్రమే. దానికి తోడు జేబులో కాగితం కూడా ఉండాలి.

వేయించుకోవాలని నిశ్చయించుకుంటే మొదట డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది ఎక్కువగా ఉంటే ఆగండి. చక్కెర అదుపులో లేని ఒంట్లో పుండు ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. గాయం మచ్చ గడ్డలా ఉబ్బే తత్వం ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. సైన్యం, పోలీసు వంటి ఉద్యోగాలకు వెళ్ళాలనుకునే యువకులు పచ్చబొట్టు నియమాలు చదువుకున్నాకే అడుగు వేయాలి.

చోటు విషయంలో పట్టుబట్టండి. మణికట్టు లోపలి వైపు, నాడి చూసే చోటు. ఆంబులెన్స్ సిబ్బంది మొదట పట్టుకునేది అక్కడే. కాలు, పాదం, పిక్క వద్దు, షుగర్ ఉన్నవాళ్ళకు అక్కడ పుండు మానడం కష్టం. పొట్ట, తొడ లాంటి ఇన్సులిన్ పొడుచుకునే చోట్లు వద్దు. వాచీ, గాజులు కప్పేసే చోటు కూడా వద్దు. నల్లరంగు ఒక్కటే చాలు. ఎరుపు రంగు కొందరి చర్మానికి పడదు.

ఏం రాయించాలి? తిరుత్తణి మనిషికి ఈ ప్రశ్న నిజంగా చిక్కుదే. 1960 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ సిఫారసు మీద అప్పటి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆసుపత్రిలో ఇంగ్లీషు. ఒక్కో మనిషి మూడు భాషల్లో బతుకుతాడు. పచ్చబొట్టు మాత్రం ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే ఉండాలి. చెన్నైలోనైనా, తిరుపతిలోనైనా, దేశం దాటినా వైద్య సిబ్బంది చదవగలిగేది అదే. డయాబెటిస్ అన్న మాట, టైప్ 1 అయితే ఆ సంగతి, ఇన్సులిన్ వాడితే ఆ మాట. అంతే. పైన వైద్య చిహ్నం కావాలంటే ఆరు రేకుల నక్షత్రంలో కర్రకు చుట్టుకున్న పాము గుర్తు వేయించుకోవచ్చు, ఆంబులెన్సుల మీద చూస్తాం కదా, అది. పూలూ తీగలూ కలిపి అందంగా చేయిస్తే అది అలంకారమనుకుని చూసి వదిలేస్తారు. ఫోన్ నంబరు పొడిపించుకోకండి, నంబర్లు మారతాయి. జేబులో పెట్టుకునే చీటీ మాత్రం తమిళం, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లో రాయండి. రైల్లో పక్కవాడికి పనికొచ్చేది ఆ చీటీయే.

తిరునాళ్ళలో, కొండకింది దుకాణాల వరసలో, ఒకే సూదితో పదిమందికి పొడిచే చోట కూర్చోవద్దు. ఇది ప్రాధేయపడి చెబుతున్నాను. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి అన్నీ ఆ సూది మొన మీద ప్రయాణం చేస్తాయి. మంచి స్టూడియోకి వెళ్ళండి. సూది ప్యాకెట్ మీ కళ్ళముందే చింపాలి. రంగు కొత్త చిన్న మూతలో పోయాలి. చేతులకు గ్లవ్స్ ఉండాలి. అడగడానికి మొహమాటపడితే లేచి వచ్చేయండి. వెళ్ళేముందు కడుపునిండా తినండి, షుగర్ చూసుకోండి, జేబులో చక్కెర పెట్టుకోండి. నొప్పి, కంగారులో చక్కెర అటూ ఇటూ అవుతుంది. పుండు మానేదాకా రెండు మూడు వారాలు కోనేటి స్నానాలు, చెరువు ఈతలు మానండి. పసుపు, పసరు పూయకండి. ఎరుపు పాకినా, చీము కనబడినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. తర్వాతెప్పుడైనా ఎంఆర్ఐ తీయించాల్సివస్తే పచ్చబొట్టు ఉందని టెక్నీషియన్‌కు ఒక మాట చెప్పండి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక కూడా నా పట్టుదల పచ్చబొట్టు మీద కాదు. దానికంటే ముందు నోరు తెరవాలి. చర్మం మీద రాయించుకుని పొడుగుచేతుల చొక్కా గుండీ పెట్టుకునే మనిషికి ఏ పచ్చబొట్టూ సాయపడదు. కాబట్టి ముందు మాట నేర్చుకోండి. అద్దం ముందు నిలబడి నిజంగానే సాధన చేయండి. "నాకు షుగర్ ఉంది. ఇన్సులిన్ వాడతాను. ఎప్పుడైనా చెమటలు పట్టి మాట తడబడితే చక్కెర నీళ్ళు ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి." అంతే. పావు నిమిషం పట్టదు. మొదటిసారి గొంతు సన్నబడుతుంది. మూడోసారికి బస్సు టికెట్టు అడిగినంత మామూలవుతుంది. ఆఫీసులో పక్క సీటువాళ్ళకు చెప్పండి. రోజూ ఒకే రైల్లో వెళ్ళేవాళ్ళయితే ఆ పెట్టెలోని స్నేహితులకు చెప్పండి. పిల్లల బడి టీచరుకు, వాకింగ్‌లో కలిసేవాళ్ళకు చెప్పండి. "అయ్యో పాపం" అని ఎవరైనా అంటే, "పాపమేం లేదండీ, గుర్తుపెట్టుకోండి చాలు" అనండి.

మద్రాసులో 1948లో స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ షుగర్ రోగులకోసం ప్రత్యేక క్లినిక్ పెట్టారు. మన దేశంలో ఈ వైద్యానికి పితామహుడిగా ఆయన్ను గౌరవిస్తారు. అంత పాత వైద్యసంప్రదాయం రైలెక్కితే అందేంత దూరంలోనే ఉంది. మందు ఉంది, పరీక్ష ఉంది, గడప దగ్గరికి మాత్ర వస్తోంది. హైదరాబాద్‌లో 2005లో మొదలైన 108 తమిళనాడుకు 2008లో వచ్చింది. అన్నీ ఉన్నా, కూలబడిన మనిషికి ఏమైందో చెప్పే మాట లేకపోతే అవన్నీ ఆలస్యమవుతాయి.

చిన్నాయన మొదట చీటీ రాసుకున్నాడు. మూడు భాషల్లో నేనే రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టించాను. తర్వాత కంకణం వేసుకున్నాడు, మగ్గానికి తగులుకుంటోందని తీసేశాడు. డాక్టరును అడిగి, హెచ్‌బీఏ1సీ దిగేదాకా ఐదు నెలలు ఆగి, చెన్నైలో పచ్చబొట్టు వేయించుకున్నాడు. ఎడమ మణికట్టు మీద మూడు నల్లని మాటలు. పొడుస్తున్నంతసేపూ కళ్ళు మూసుకోలేదు, చూస్తూనే కూర్చున్నాడు. అయిపోయాక చేయి నా ముందు చాపాడు. మా అవ్వ అయ్యవారి ముందు చాపినట్టే.

పిల్ల సంబంధం విషయం దాచను. ఒక సంబంధం తప్పిపోయింది. చేయి చూసి అడిగారు, ఉన్నది చెప్పాడు, తర్వాత కబురు రాలేదు. ఆ రాత్రి చిన్నాయన అన్నం తినలేదు. పిన్నమ్మ పోరి పోరి, మాత్ర వేసుకున్న మనిషి పస్తు పడుకోకూడదని పెరుగన్నం తినిపించింది. ఏడాది తిరిగాక వేరే సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తల్లికీ షుగర్ ఉంది. ఆ సంగతి మొదటి రోజే వాళ్ళే చెప్పారు. తప్పిపోయిన సంబంధం గురించి ఆయనకు ఇప్పటికీ బాధ ఉంది. నిజం చెప్పినందుకు మాత్రం బాధ లేదు.

ఇప్పటికీ అమావాస్యకు తిరువళ్ళూరు వెళ్తాడు. ఇన్సులిన్ వేసుకుని, నాలుగిడ్లీలు తిన్నాకే బయల్దేరతాడు. కోనేటి గట్టు మీద బెల్లం రెండు పొట్లాలు కొంటాడు. ఒకటి నీళ్ళలోకి, ఒకటి చొక్కా జేబులోకి.

చివరగా ఒక మాట షుగర్ లేనివారికి. రైల్లోనో, బస్టాండులోనో, కొండ మెట్ల మీదో ఒక మనిషి చెమటతో తడిసి, మాట తడబడి, కూలబడి కనబడితే, తాగాడని తీర్మానించే ముందు అతని రెండు మణికట్లూ తిప్పి చూడండి. మెడలో గొలుసు, జేబులో చీటీ, సంచిలో మాత్రలు చూడండి. మందు వాసన వచ్చినా చూడండి, తాగినవాళ్ళకూ షుగర్ పడిపోతుంది. మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలు పక్కన కూర్చోండి. తేరుకోకపోతే ఇంకోసారి ఇవ్వండి. మింగలేకపోతే నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. దయచేసి సీటు మారి కూర్చోకండి.